ఒకే దూలం కింద

మా మేడమ్ పోయారు. పోయిన నెలలో ఒక పొద్దున హైటెక్ సిటీలో మా ఆఫీసు లిఫ్టు ముందు నిలబడి ఉండగా వాళ్ళ చెల్లెలుగారు ఫోను చేశారు. "అక్క నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా. రాత్రి పెరుగన్నం తిని, పొద్దున్నే ఇడ్లీ వెయ్యమని చెప్పి పడుకుంది. లేపడానికి వెళితే..." అని ఆగిపోయారు. కాసేపటికి మళ్ళీ ఆవిడే, "ఇక్కడ పిండి పొంగి గిన్నె దాటిపోయింది. దాన్నేం చెయ్యాలో తోచడం లేదు" అన్నారు. లిఫ్టు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను మెట్లు దిగి ఆటో ఎక్కాను.

కొండాపూర్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పాలమూరు వైపు మనిషి. మేడమ్‌కి మంచి స్నేహితుడు. "నిన్న సాయంత్రం గూడ గా కొత్త బిల్డింగు కాడికి పోయొచ్చిన్రమ్మా. 'ఇంకో స్లాబు పడింది నాయనా' అని నాకు చెప్పి నవ్వుకుంట పైకి పోయిన్రు. గంతల్నే గిట్లెట్లయిందమ్మా?" అన్నాడు. ఆ మాట విన్నాక మనసు కాస్త తేలికపడింది. ఇంకో స్లాబు పడటం చూసి నవ్వుకుంటూ పైకి వెళ్ళిన మనిషి గురించి ఏడుపుగొట్టు మాటలు రాస్తే ఆవిడే ఒప్పుకోరు.

మేడమ్ విశాఖలో ఆర్కిటెక్చర్ కాలేజీలో మాకు కట్టడాల చరిత్ర చెప్పేవారు. మధ్యాహ్నం భోజనం తర్వాత, కిటికీలు మూసి తెర మీద బొమ్మలు చూపించే క్లాసు. మాలో సగంమంది నిద్రపోయేవాళ్ళం. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అందుకే ఏటా మూడో సంవత్సరం పిల్లల్ని బస్సెక్కించి భీమిలి దాటించి, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాత ఇంటికి తీసుకెళ్ళేవారు. ఆ చుట్టుపక్కల దాన్ని టేకు బంగళా అనేవారు. మా చదువులో నిద్ర పట్టని పాఠం అదొక్కటే.

సరుగుడు తోట దాటగానే ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టు కనిపించేది ఆ ఇల్లు. రంగూన్ నుంచి ఓడల్లో టేకు తెప్పించి అమ్మిన ఒక వ్యాపారి వేసవిలో ఉండటానికి కట్టించుకున్నాడు. ఇటుక గోడలు, వాటి మీద గవ్వలు కాల్చి చేసిన గుల్ల సున్నంతో నున్నగా మెరుగు పెట్టిన గార. మే నెలలో కూడా ఆ గోడకి చెంప ఆనిస్తే కుండని తాకినట్టు చల్లగా ఉండేది. సముద్రం వైపు తలుపుకి సరిగ్గా ఎదురుగా రోడ్డు వైపు తలుపు. మధ్యలో ఏదీ అడ్డు లేదు. గాలి ముందు గుమ్మంలోంచి వచ్చి, ఇల్లంతా పలకరించి, వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయేది. కిటికీలకి రెక్కల తలుపులు, పైన చెక్క సీలింగు, దాని మీద పెంకులు. పొగ లోపలికి రాకుండా వంటిల్లు విడిగా కట్టి, ఇంటికీ దానికీ మధ్య నీడ కోసం పైకప్పు వేసిన దారి.

ఆ ఇంటి చరిత్ర మేడమ్ చెబుతుంటే బంధువులావిడ గురించి చెప్పుకుంటున్నట్టు ఉండేది. "ఈ ఇంటికి మూడు కాపురాలయ్యాయి. మొదటాయన ముద్దుగా చూసుకున్నాడు. యుద్ధం వచ్చి రంగూన్ వ్యాపారం పోయాక అమ్ముకున్నాడు పాపం. రెండో ఆయన లాడ్జి పెట్టాడు. హాలుకి చెక్క అడ్డాలు కట్టి గదులు చేశాడు, తలుపులకి నంబర్లు వేశాడు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, సెలవులకొచ్చిన కుటుంబాలు, చేపల పులుసు వాసన. ఆ రోజుల్లోనే ఇల్లు బాగా నవ్వింది అనుకుంటాను. మూడో ఆయనకి వారసత్వంగా వచ్చింది. ఆయన తాళం వేసి మర్చిపోయాడు."

లోపలికి వెళ్ళగానే ఆవిడ మమ్మల్నందర్నీ నేల మీద వెల్లకిలా పడుకోమనేవారు. అమ్మాయిలు చున్నీలు సర్దుకునేవాళ్ళు, అబ్బాయిలు ఒకళ్ళనొకళ్ళు చూసుకునేవాళ్ళు. "పడుకోండర్రా! మురికి ఉతికితే పోతుంది. ఇల్లు చూడటం రాకపోతే ఎంత ఉతికినా పోదు" అని కసిరేవారు. పడుకున్నాక పైకప్పు ఎంత ఎత్తో, గాలి ఎటు నుంచి ఎటు పోతోందో ఒంటికి తెలిసేది. మేము పడుకుని ఉంటే ఆవిడ మా మధ్య కాళ్ళు చూసుకుంటూ నడుస్తూ పాఠం చెప్పేవారు.

చివరికి అందర్నీ లేపి సముద్రం వైపు వరండాలోకి తీసుకెళ్ళేవారు. "ఇప్పుడు కళ్ళు తెరిచి చూడండి. లోపల నేల నలుపూ తెలుపూ పలకలు. ఇక్కడ కడప రాయి. లోపల అన్నీ సన్నగా, నాజూగ్గా ఉన్నాయి. ఇక్కడ స్తంభాలు చూడండి, గుండ్రంగా, లావుగా, పప్పు రుబ్బే పొత్రాల్లా! ఈ వరండా మొదటాయన కట్టింది కాదు. లాడ్జి ఆయన తర్వాత అతికించాడు. మంచి చొక్కాకి వేరే గుడ్డతో జేబు కుట్టినట్టు." మేం నవ్వేవాళ్ళం. పరీక్షలో ఆ ప్రశ్న తప్పకుండా వచ్చేది. జేబు సంగతి రాస్తే మార్కులు గ్యారంటీ.

నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాను. రిటైరయ్యాక కొన్నాళ్ళకి మేడమ్ కూడా చెల్లెలుగారితో కలిసి కొండాపూర్‌లో ఫ్లాటు తీసుకున్నారు. సముద్రం వదిలి ఎలా రాబుద్ధయిందండీ అని అడిగితే, "సముద్రం ఎక్కడికీ పోదే. ఇక్కడ రోజుకో కట్టడం పుడుతోంది. పురుడు చూడొద్దూ?" అన్నారు. నేత చీర మీద స్పోర్ట్స్ బూట్లు వేసుకుని, సాయంత్రాలు పునాది గోతుల చుట్టూ తిరిగేవారు. మొదట్లో ఒకచోట సెక్యూరిటీ అతను అడ్డగించాడట. "అమ్మా, ఈడ నిలవడొద్దు. పైకెల్లి ఏమన్న పడ్తది" అన్నాడట. మేడమ్ కదల్లేదు. "లోపలికి రాను బాబూ. ఒక్కటి చెప్పు. అంత ఎత్తున క్రేన్‌లో కూర్చున్నాయన అన్నానికి ఎలా దిగుతాడు?" అని అడిగారట. "దిగడమ్మా. డబ్బానే పైకి పోతది" అన్నాడట అతను. ఆ జవాబు ఆవిడకి ఎంత నచ్చిందంటే వారం రోజులు కనబడ్డవాళ్ళందరికీ చెప్పారు. తర్వాత నుంచి ఆవిడ వస్తే ఆ సెక్యూరిటీ అతనే కుర్చీ వేసేవాడు.

అద్దాల మేడలంటే ఆవిడకి కోపమేమీ ఉండేది కాదు. "ఎండలో కోటు తొడుక్కున్న పెళ్ళికొడుకులా ఉంటాయి. పాపం, వాటికి మాత్రం చెమట పట్టదూ?" అనేవారు. "ఏ ఇల్లయినా కట్టేటప్పుడు అందంగానే ఉంటుందే. తర్వాత మనం రంగులు వేస్తాం" అని కూడా అనేవారు. ఆదివారాలు నేను వెళితే జంతికలు పెట్టి, మా ఆఫీసులో ఏం గీస్తున్నామో అడిగేవారు. నా డ్రాయింగుల్లో మెట్లు ఎక్కువగా ఉంటే మోకాలు పట్టుకుని "అబ్బా" అనేవారు. అదే విమర్శ. నేను ఇంటికెళ్ళి ర్యాంపు గీసేదాన్ని.

అలాంటి రోజుల్లో టేకు బంగళా మా ఆఫీసుకే పనిగా వచ్చింది. ఒక హోటల్ సంస్థవాళ్ళు దాన్ని కొన్నారు. వాళ్ళ ఆఫీసు మా వీధిలోనే. సముద్రపు ఒడ్డున రిసార్టు కట్టాలి. పాత హాలుని అలాగే ఉంచి, అతిథులు వచ్చి కూర్చునే చోటుగా మార్చాలి. మిగతాదంతా మా ఇష్టం. మొదటి మీటింగులో మా బాసు వరండా ఫొటో చూపించి, దీన్ని ఉంచాలా తియ్యాలా అని అడిగాడు. నేను వెంటనే చెప్పాను, అది తర్వాత అతికించిన ముక్క అని, మా మేడమ్ చెప్పారని. జేబు మాట కూడా చెప్పాను. అందరూ నవ్వారు. "అయితే ఇంకేం, పని తేలికైంది" అన్నాడు బాసు. వరండా తీసేసి, ఆ చోట నేల నుంచి పైకప్పు దాకా అద్దాలతో రెస్టారెంట్, దాని ముందు ఈతకొలను. ఆ బొమ్మ నేనే గీశాను. బాగా వచ్చింది కూడా.

ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని గొప్పగా మేడమ్ దగ్గరికి వెళ్ళాను. బంగళా బతుకుతుందని వినగానే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి చెల్లెలుగారిని పిలిచారు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని బొమ్మ చూశారు. "నా జేబు ఊడబీకేశారన్నమాట!" అని నవ్వారు. మళ్ళీ చూశారు. ఈసారి నవ్వలేదు. జంతిక చేతిలోనే ఉండిపోయింది.

"ఒకసారి వెళ్ళి చూద్దామే," అన్నారు. "ఊడబీకే ముందు కుట్లు ఎక్కడున్నాయో చూసుకోవాలి కదా."

ఇద్దరం రైల్లో వెళ్ళాం. బంగళాలో అప్పటికే కొలతలు తీసేవాళ్ళు పని చేస్తున్నారు. హాలుకీ వరండాకీ మధ్య గోడ దగ్గర సీలింగు చెక్కలు రెండు ఊడి వేలాడుతున్నాయి. వాటి కింద నిచ్చెన ఉంది. మేడమ్ నిచ్చెన వంక చూశారు, నా వంక చూశారు, కొంగు నడుముకి బిగించారు.

"వద్దండీ మేడమ్, నేనెక్కుతాను."

"నువ్వు పట్టుకో. మాట్లాడకు."

ఎక్కి, తల ఆ కంతలో దూర్చి, ఫోను లైటు వేశారు. కింద నుంచి నాకు బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ బూట్లు చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా దిగి, చేతులు దులుపుకుని, "నువ్వెక్కు. నేను ఎప్పుడో చెప్పింది మర్చిపో. కళ్ళకి ఏం కనిపిస్తే అది చెప్పు" అన్నారు.

ఎక్కాను. పైన పెంకుల కింద చీకటి, గబ్బిలాల వాసన. లైటు వేస్తే ఒక టేకు దూలం కనిపించింది. హాలు అవతలి గోడ మీద మొదలై, హాలంతా దాటి, మధ్య గోడ మీదుగా నా ముఖం పక్క నుంచి వెళ్ళి, వరండా చివరిదాకా పోయింది. పొడుగ్గా, నల్లగా, ఒకే చెట్టు.

"మధ్యలో ఎక్కడైనా అతుకుందా?" కింద నుంచి మేడమ్ అడిగారు.

"లేదండీ."

"పక్క దూలానికి?"

"దానికీ లేదండీ. అన్నీ ఒకే కర్రలండీ."

నేను దిగేసరికి ఆవిడ వరండాలో ఒక స్తంభం దగ్గర మునివేళ్ళ మీద నిలబడి పైకి చూస్తున్నారు. స్తంభం తల మీద గార ఊడినచోట, దూలానికీ స్తంభానికీ మధ్య ఇటుక ముక్కలు, ఒక ఇనప రేకు ఇరికించి ఉన్నాయి. ఎత్తు సరిపోక, తర్వాత వచ్చినవాళ్ళు సర్దుబాటు చేసిన పని. మొదట ఇక్కడ ఉన్నవి సన్నటి చెక్క స్తంభాలై ఉంటాయి. తుఫానులో పోయో, ఉప్పుగాలికి పుచ్చో ఉంటాయి. లాడ్జి ఆయన లావుపాటి స్తంభాలు కట్టించాడు. నేల రాయి కూడా అప్పుడే మార్చి ఉంటాడు.

"కాళ్ళు మార్చారే," అన్నారు మేడమ్. "ఒళ్ళు పాతదే. హాలూ వరండా కవలపిల్లలు. నేను కాళ్ళు చూసి వయసు చెప్పాను!"

పకపకా నవ్వారు. ఆ నవ్వుకి కొలతలు తీసేవాళ్ళు కూడా ఆగి చూశారు. కానీ తిరుగు ప్రయాణంలో, రైలు తుని దాటాక, కిటికీలోంచి చూస్తూ మెల్లగా అన్నారు. "నొప్పిగానే ఉందే. ఎంతమందికి చెప్పాను! ఎంత ధీమాగా చెప్పాను! ఒక్కసారైనా నిచ్చెన ఎక్కాలని తోచలేదు. ఒక కుర్రాడు పరీక్షలో రాశాడు, ఈ వరండా మొదట్నుంచీ ఉన్నదే అని. ఎర్ర సిరాతో కొట్టేసి, 'పాఠం వినలేదని తెలుస్తోంది' అని రాశాను. సున్నా వేశాను."

పల్లీలు అమ్మే అతను వస్తే కొన్నాం. కాసేపటికి ఆవిడే అడిగారు. "మీ బాసుకి ఎవరు చెప్తారు?"

"నేను చెప్తానండీ."

"నువ్వు చెబితే ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూ చెప్తావు. తప్పు చెప్పింది నేను కదా? నేనే వస్తాను."

వచ్చారు. రిసెప్షన్‌లో విజిటర్ కార్డుకి ఫొటో తీస్తుంటే పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, ఆ కార్డు మెడలో వేసుకుని, పదో అంతస్తు అద్దాల గదిలోకి నాతో నడిచారు. ఒక పక్క మా బాసు, ఇంకో పక్క హోటల్ సంస్థ డైరెక్టరు. గుంటూరు వైపు అబ్బాయి, నా ఈడువాడే. మేడమ్ ఫోన్లోని దూలం ఫొటోలు పెద్ద తెర మీద చూపించి విషయం చెప్పారు. వరండా కొట్టాలంటే దూలాలు గోడ దగ్గర కొయ్యాలి, కోస్తే హాలు పైకప్పు కూడా కదులుతుంది అన్నారు.

డైరెక్టరు మర్యాదగానే అడిగాడు. "మేడమ్, ఇది తర్వాత కట్టిందని మీరే చెప్పారటగా అండీ?"

"చెప్పానండీ. తప్పు చెప్పాను."

మా బాసు పెన్ను తిప్పుకుంటున్నాడు.

"మరి ఇప్పుడు చెప్పేది ఒప్పని ఎలా నమ్మమంటారండీ?"

మేడమ్‌కి ఆ ప్రశ్న నచ్చింది. "అలా అడగాలి! నా పిల్లలు ఒక్కళ్ళు కూడా అలా అడగలేదండీ, అందుకే ఇన్నాళ్ళు తప్పు చెప్పాను. నన్ను నమ్మకండి. మీరే వెళ్ళి ఎక్కి చూడండి. నిచ్చెన నేను పట్టుకుంటా" అన్నారు.

అతను నవ్వాడు కానీ ఒప్పుకోలేదు. "వరండా ఉంచితే రెస్టారెంట్లోంచి సముద్రం కనబడదండీ. జనం వచ్చేదే దానికోసం కదండీ."

"అద్దంలోంచి సముద్రం చూడటానికి అంతదూరం పోవాలా బాబూ? టీవీలో చూడొచ్చు" అన్నారు మేడమ్. "సముద్రం కంటికంటే ముందు ఒంటికి తగలాలి."

"ఆలోచిద్దామండీ" అని లేచాడు. మేడమ్‌ని లిఫ్టు దాకా దింపి వచ్చేసరికి బాసు ముఖం మాడిపోయి ఉంది. "ఫైనల్ అయిన డ్రాయింగు అమ్మా అది! ఆవిణ్ణి ఎందుకు తీసుకొచ్చావు?" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆ పని ఆగిపోయింది. వేరే సంస్థకి ఇచ్చేస్తారన్నారు. నా సీటు దగ్గరికి బాసు వస్తుంటేనే ఉద్యోగం పోయిందనుకునేదాన్ని. మేడమ్‌కి ఆ భయాలేమీ చెప్పలేదు. చెప్పినా వినే తీరిక ఆవిడకి లేదు. ఆవిడ ఇంకో పనిలో పడ్డారు.

పాత విద్యార్థులకి వరసగా ఫోన్లు చేస్తున్నారు. "కార్ల కంపెనీవాళ్ళు లోపం ఉంటే కార్లు వెనక్కి పిలుస్తారు కదే. నేను పాఠం వెనక్కి పిలుస్తున్నా" అన్నారు. ఒక ఆదివారం నేను ఎదురుగా ఉండగానే స్పీకర్ పెట్టి చేశారు. మూసాపేటలో ఇంటీరియర్ పనులు చేసే ఒకాయన ఎత్తాడు.

"బాబూ, టేకు బంగళా వరండా గుర్తుందా?"

"లేదండీ మేడమ్. ఆ రోజు తిన్న చేపల పులుసు గుర్తుందండీ."

"ఆ వరండా మొదట్నుంచీ ఉన్నదే. నేను తప్పు చెప్పాను. దిద్దుకో."

"అలాగేనండీ," అన్నాడాయన. కాసేపాగి, "మేడమ్, ఆ పులుసు ఎవరు చేశారండీ?" అన్నాడు.

ఫోను పెట్టేసి ఆవిడా, చెల్లెలుగారూ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

సున్నా వేసిన కుర్రాడికి మాత్రం ఫోను చెయ్యలేదు. "వాడికి ఎదురుగా చెప్పాలి" అన్నారు. కుర్రాడంటే ఇప్పుడు నడివయసు మనిషి, బాచుపల్లిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. క్యాబ్ మాట్లాడి ఇద్దరం వెళ్ళాం. దారిపొడుగునా మేడమ్ నోరు విప్పలేదు. కొంగు చివర వేలికి చుడుతూ విప్పుతూ ఉన్నారు. డైరెక్టరు ముందు లేని బెరుకు ఇక్కడ ఉంది.

ఆయన స్టాఫ్ రూములోంచి పరిగెత్తుకొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే మేడమ్ ఆపేశారు. నిలబడే చెప్పేశారు. "నువ్వు ఒప్పు రాశావు నాయనా. నేను సున్నా వేశాను. పైగా పాఠం వినలేదని రాశాను. అది చెబుదామనే వచ్చాను."

ఆయన తెల్లబోయాడు. తర్వాత చెవి గోక్కుంటూ అన్నాడు. "మీరు రాసింది నిజమే మేడమ్. నేను పాఠం వినలేదు."

"ఏమిటీ?"

"ఆ రోజు మీరు అందర్నీ హాల్లో పడుకోమన్నారు కదండీ. నేను వరండాలో పడుకున్నాను. గాలికి నిద్ర పట్టేసింది. లేచేసరికి మీ పాఠం అయిపోయింది. ఏం రాయాలో తెలియక, మొదట్నుంచీ ఉన్నదే అని రాసేశాను. అక్కడ పడుకుంటే రెండూ ఒకే ఇల్లనిపించింది. అంతేనండీ. కనిపెట్టి రాసిందేం కాదు."

మేడమ్ నోరు తెరిచి ఆయన్నే చూస్తూ ఉండిపోయారు. తర్వాత పక్కనున్న బెంచీ మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. స్టాఫ్ రూములో ఉన్నవాళ్ళు తొంగి చూశారు. నవ్వు ఆగాక ఆయన చెయ్యి పట్టుకుని అన్నారు. "మీ అందర్నీ పడుకోబెట్టాను గాని, నేను ఒక్కసారీ పడుకోలేదురా ఆ ఇంట్లో. నిలబడి వాగుతూనే ఉన్నాను."

ఆయన మమ్మల్ని క్యాంటీన్‌కి తీసుకెళ్ళి మిర్చి బజ్జీలు పెట్టించాడు. మేడమ్ కారం లెక్క చెయ్యకుండా తిన్నారు. వచ్చేటప్పుడు, మేడమ్ కారెక్కాక, ఆయన నన్ను పక్కకి పిలిచి అన్నాడు. "అప్పట్లో ఆ ఎర్రసిరా మాట చదివి చాలా సిగ్గుపడ్డానండీ. ఆ తర్వాత ఏ క్లాసులోనూ నిద్రపోలేదు. ఇప్పుడు ఆవిడకి ఈ సంగతి చెప్పాలో వద్దో తెలియడం లేదు." చెప్పమన్నాను. కారు అద్దం దగ్గరికి వచ్చి చెప్పాడు. "అయితే సున్నా దండగ కాలేదన్నమాట" అన్నారు మేడమ్. ఇంటికొచ్చే దారంతా మాట్లాడుతూనే ఉన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం నా ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. నల్లటి టేకు దూలం, దాని మీద ఆనించిన ఒక చెయ్యి, చొక్కా మోచేతిదాకా దుమ్ము. డైరెక్టరు పంపాడు. కింద, "ఎక్కి చూశానండీ. మేడమ్‌తో చెప్పండి. నిచ్చెన మా డ్రైవర్ పట్టుకున్నాడు" అని ఉంది.

వరండా నిలబడింది. రెస్టారెంట్ పక్కకి, టేకు వ్యాపారి కట్టించిన పాత గుర్రపుశాల ఉన్న చోటికి వెళ్ళింది. గుర్రపుశాల పోయింది. ఈతకొలనూ వచ్చింది. గుర్రపుశాల పోయిందని చెబితే మేడమ్ ముఖం చిన్నబోయింది. కాసేపు కిటికీలోంచి బయట క్రేన్‌ని చూశారు. "ఇల్లు బతకాలంటే కాస్త బేరం తప్పదులే. దాని ఫొటోలు నా దగ్గరున్నాయి, తీసుకెళ్ళు" అన్నారు. మా బాసు ఇప్పుడు కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ఆ దూలం బొమ్మ చూపించి, ఆ కథ తనే చెబుతాడు. అందులో నిచ్చెన పట్టుకున్నది ఆయనే.

మేడమ్ పోయిన పదకొండో రోజున ఆ ఫ్లాటులో పాత విద్యార్థులమంతా భోజనాలకి కూర్చున్నప్పుడు, ఎవరో మొదలుపెట్టారు, "నాకూ ఫోను చేశారండీ, వరండా గురించి" అని. "నాకూ" అన్నారు ఇంకొకరు. ఒకావిడకి బస్సులో ఉండగా చేశారట. ఒకాయనకి కూతురి పెళ్ళి పీటల మీద ఉండగా చేస్తే, తర్వాత చేస్తానన్నా వినకుండా విషయం చెప్పి, "ఇక కానివ్వు, అక్షింతలు వెయ్యి" అన్నారట. బాచుపల్లి ఆయన వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె పట్టుకుని నిలబడిపోయాడు నవ్వాపుకోలేక. చావింట్లో ఇంత నవ్వు ఏమిటని పక్క ఫ్లాటువాళ్ళు అనుకున్నారేమో తెలియదు. చెల్లెలుగారు మాత్రం అందరికంటే ఎక్కువ నవ్వారు.

ఆ రోజు ఇంటికొచ్చాక నాకు పదే పదే గుర్తొచ్చింది ఇంకొకటి. పోయిన వానాకాలంలో బంగళా మళ్ళీ తెరిచినప్పుడు, నన్నూ ఆ అక్కచెల్లెళ్ళిద్దర్నీ డైరెక్టరు పిలిచాడు. గోడల రంగు చూసి మేడమ్, "ఐస్‌క్రీమ్‌లా ఉంది, ఎండకి కరిగిపోదూ?" అన్నారు. భోజనం మాత్రం మెచ్చుకున్నారు. మధ్యాహ్నం వరండా అంచున పేము కుర్చీ వేయించుకుని సముద్రానికి ఎదురుగా కూర్చున్నారు. మబ్బు పట్టింది. చూస్తుండగానే నీళ్ళ మీద నుంచి వాన తెరలా నడిచొచ్చింది. అతిథులు లేచి హాల్లోకి పరుగెత్తారు. వెయిటర్లు దిండ్లు లోపలికి విసిరారు. జల్లు కాళ్ళ మీద పడగానే మేడమ్ లేచి, కుర్చీ కాస్త వెనక్కి లాక్కుని మళ్ళీ కూర్చున్నారు. జల్లు మళ్ళీ అందుకుంది. మళ్ళీ లాక్కున్నారు.

హాలు గుమ్మంలోంచి చెల్లెలుగారు కేకేశారు. "అక్కా, లోపలికి రా! జలుబు చేస్తుంది."

"ఇంకా చోటుంది లేవే!"

అలా లాక్కుంటూ లాక్కుంటూ చివరికి కుర్చీ వీపు హాలు గోడకి తగిలింది. ఇక వెనక చోటు లేదు. వాన ఏటవాలుగా వచ్చి, వరండా రాళ్ళన్నీ తడిపి, ఆవిడ పాదాలకి జానెడు ముందు ఆగింది. ఆవిడ బూట్లు విప్పి పక్కన పెట్టారు. ఒక కాలు చాపి తడిరాయి మీద బొటనవేలు ఆనించారు. వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ ఆనించారు. గుమ్మంలో చెల్లెలుగారు తువ్వాలు పట్టుకుని నిలబడే ఉన్నారు. మేడమ్ వెనక్కి తిరగలేదు.